సొంత శాటిలైటా, అద్దెదా, చందాదా? మిలటరీ కమ్యూనికేషన్ ఖర్చును పోల్చి చూడటం ఎలా

శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో పొద్దున్నే పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లలో ఆర్మీకీ నేవీకీ తయారవుతున్నవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లలో ఆఫీసరు ఇంటర్వ్యూల దాకా వెళ్లేవాళ్లు ఈమధ్య నన్ను అడిగేది ఒకటే ప్రశ్న. "స్టార్‌లింక్‌కి నెలనెలా కట్టేస్తే పోయేదానికి వేల కోట్లు పోసి సొంత శాటిలైట్ ఏటికి మాష్టారూ?" స్టార్‌లింక్ అంటే ఎలాన్ మస్క్ కంపెనీ చందాకు ఇచ్చే శాటిలైట్ ఇంటర్నెట్. నేను నేవీలో కమ్యూనికేషన్ బ్రాంచిలో చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి సొంతదే గొప్పదంటానని వాళ్ల అనుమానం. అలా అనను. కొన్ని పనులకు సొంత శాటిలైట్ దండగ, కొన్నింటికి అద్దెది ప్రమాదం, ఇంకొన్నింటికి అసలు శాటిలైటే అక్కర్లేదు. ఏది దేనికో తేల్చాలంటే ముందు ధరలను సరిగ్గా పక్కపక్కన పెట్టి చూడటం రావాలి. ఎక్కువమంది తడబడేది అక్కడే.

ఆ కోట్లలో ఏమేం కలిశాయి?

మన నేవీ కోసమే చేసిన మొదటి శాటిలైట్ జీశాట్-7. రుక్మిణి అని దాని ముద్దుపేరు. 2013 ఆగస్టు 30న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియన్-5 రాకెట్ మీద వెళ్లింది. అప్పట్లో పేపర్లన్నీ "185 కోట్ల శాటిలైట్" అని రాశాయి. అది తయారీ ఖర్చు మాత్రమే. ప్రయోగానికీ బీమాకీ కలిపి ఇంకో 470 కోట్లయింది. అంటే కక్ష్యలోకి చేరేసరికి 655 కోట్లు. సరుకు కన్నా రవాణాకే రెండున్నర రెట్లు! దాని బరువు 2,650 కిలోలు. అంత బరువు మోసే స్థితిలో అప్పటి మన జీఎస్ఎల్‌వీ లేదు. అందుకే బయటి రాకెట్‌కు విదేశీ డబ్బుల్లో కట్టక తప్పలేదు.

దాని వారసుడు సీఎంఎస్-03. జీశాట్-7ఆర్ అన్నా అదే. 2025 నవంబర్ 2న శ్రీహరికోట నుంచే, మన ఎల్‌వీఎం3 రాకెట్ మీదే వెళ్లింది. బరువు 4,400 కిలోలు. అప్పటికి మన గడ్డ మీద నుంచి ఎగిరిన కమ్యూనికేషన్ శాటిలైట్లలో ఇదే బరువైనది. ఒప్పందం విలువ 1,589 కోట్లని వార్తలొచ్చాయి. ఆర్మీ కోసం జీశాట్-7బీకి 2023 మార్చి 29న రక్షణ శాఖ ఇస్రో వ్యాపార విభాగమైన న్యూస్పేస్ ఇండియా లిమిటెడ్‌తో కుదుర్చుకున్న ఒప్పందం 2,963 కోట్లు. ఎయిర్‌ఫోర్స్‌కి జీశాట్-7సీ కోసం 2021 నవంబర్‌లో వచ్చిన ఆమోదం 2,236 కోట్లు.

ఇప్పుడు 185 పక్కన 2,963 పెట్టి "పదేళ్లలో ధర పదహారు రెట్లు పెరిగింది" అని గ్రూప్ డిస్కషన్‌లో ఎవరైనా అన్నారనుకోండి, అంకెలు రెండూ నిజమే, మాట మాత్రం తప్పు. మొదటిది ఒట్టి శాటిలైట్ ధర. జీశాట్-7సీ అంకెలో నేల మీద కట్టే హబ్బులు కూడా ఉన్నాయి. జీశాట్-7బీ అయిదు టన్నుల తరగతిది, అంటే రుక్మిణికి దాదాపు రెట్టింపు బరువు. పైగా 2013లో రూపాయి వేరు, 2023లో వేరు. అందుకే ఏ కోట్ల అంకె కనపడినా నేను ముందు విప్పి చూస్తాను: శాటిలైట్ ఒక్కటేనా, రాకెట్ కలిసిందా, బీమా ఉందా, నేల మీది స్టేషన్లు ఉన్నాయా, ఓడల మీదా జీపుల మీదా పెట్టే టెర్మినళ్లు (శాటిలైట్‌తో మాట్లాడే డిష్‌లు, రేడియో సెట్లు) ఉన్నాయా, ఏటా నడిపే ఖర్చు ఉందా అని. ఈ ఆరూ తెలియకుండా రెండు అంకెల్ని పోల్చడం టైమ్ వేస్టు.

ఏడో పద్దు ఒకటుంది, దాన్ని ఎవరూ రాయరు: పోయే ప్రమాదం. 2018 మార్చి 29న ఎగిరిన జీశాట్-6ఏ ఖర్చు సుమారు 270 కోట్లు. రాకెట్ బాగానే పనిచేసింది, రెండు రోజుల్లో శాటిలైట్‌తోనే సంబంధం తెగిపోయింది. మళ్లీ దొరకలేదు. సొంతది పెట్టుకునేవాళ్లు ఒకటి పోయినా పని ఆగని ఏర్పాటు చేసుకోవాలి. ఆ రెండో దాని ఖర్చు కూడా మొదటి దాని లెక్కలోకే వస్తుంది.

ఏడాదికి ఎంత పడుతుంది?

సొంత శాటిలైట్‌కి డబ్బంతా ముందే పోస్తాం, చందాకి నెలనెలా కడతాం. రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టాలంటే ఏడాది లెక్కలోకి మార్చుకోవాలి. ఇక్కడ డాలరును 85 రూపాయలుగా వేసుకుంటున్నాను, గుండ్రటి లెక్క కోసం.

రుక్మిణి 655 కోట్లు. కొత్తది ఎగిరేనాటికి దానికి పన్నెండేళ్లు నిండాయి. ఏడాదికి 55 కోట్లు పడ్డట్టు. 2014లో బంగాళాఖాతంలో జరిగిన పెద్ద విన్యాసాల్లో ఈ ఒక్క శాటిలైట్ దాదాపు 60 ఓడల్ని, 75 విమానాల్ని కలిపిందని అప్పట్లో చెప్పారు. ఆ లెక్కన ఒక్కో ఓడకో విమానానికో ఏడాదికి 40 లక్షలు. మోటు లెక్కే, టెర్మినళ్ల ఖర్చు ఇందులో లేదు, కానీ స్థాయి తెలుస్తుంది. జీశాట్-7బీ 15 ఏళ్లు పనిచేస్తుందనుకుంటే ఏడాదికి 200 కోట్లకు కాస్త తక్కువ.

ఇప్పుడు చందా వైపు చూడండి. అమెరికా రక్షణ శాఖ 2019లో శాటిలైట్ ఫోన్లు నడిపే ఇరిడియం కంపెనీతో ఏడేళ్లకు 73.85 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఎంతమంది వాడినా, ఎన్ని నిమిషాలు మాట్లాడినా అదే ధర. ఏడాదికి మన లెక్కలో 900 కోట్లకు దగ్గర. దానికి ప్రపంచమంతా, ధ్రువాలతో సహా, చేతిలో పట్టే ఫోన్‌తో మాట అందుతుంది. వీడియో లాంటి బరువైన డేటాకు మాత్రం అది చాలదు.

స్టార్‌లింక్ సంగతి ఇంకా తమాషా. ఉక్రెయిన్‌లో వాడే సర్వీసుకు మరుసటి పన్నెండు నెలలకు 40 కోట్ల డాలర్ల దాకా అవుతుందని 2022లో ఆ కంపెనీ పెంటగాన్‌కు లెక్క చెప్పింది. 3,400 కోట్ల రూపాయలు. మన ఆర్మీ శాటిలైట్ ఒప్పందం మొత్తం కన్నా ఒక్క ఏడాది చందా ఎక్కువ! కానీ ఉక్రెయిన్‌కి స్టార్‌లింక్ కోసం తాము ఏడాదికి 5 కోట్ల డాలర్లు కడుతున్నామని 2025లో పోలండ్ విదేశాంగ మంత్రి చెప్పాడు. అది 425 కోట్లు. కంపెనీ అడిగిన అంకెకీ, ఒక దేశం తన వాటాగా కడుతున్న అంకెకీ ఎనిమిది రెట్ల తేడా. రెండూ ఒకే పరికరాలవి కావు, ఒకే ప్యాకేజీవీ కావు. అందుకే "స్టార్‌లింక్ చవక" అన్నా "స్టార్‌లింక్ ఖరీదు" అన్నా నేను ఒప్పుకోను. ఎన్ని టెర్మినళ్లు, ఏ ప్యాకేజీ, ఎవరు కడుతున్నారు అనేవి చెప్పాకే మాట.

మధ్యలో ఇంకో రెండు దార్లున్నాయి. బ్రిటన్ 2003లో స్కైనెట్-5 కోసం ఒక ప్రైవేటు కంపెనీతో ఒప్పందం పెట్టుకుంది. శాటిలైట్లు కంపెనీవే, నడిపేదీ కంపెనీయే, సైన్యం సర్వీసు కొనుక్కుంటుంది. మొత్తం సుమారు 360 కోట్ల పౌండ్లు, 2022 దాకా. ఏడాదికి 19 కోట్ల పౌండ్లు, అంటే 2,000 కోట్ల రూపాయల పైమాటే. నాలుగు శాటిలైట్లు, నేల మీది స్టేషన్లు, మనుషుల జీతాలు అన్నీ అందులోనే. చూడ్డానికి ఎక్కువ అనిపిస్తుంది గానీ మనం చెప్పుకున్న పద్దులు చాలావరకు కలిసిన నిజాయితీ అంకె అది. ఆస్ట్రేలియా ఇంకోలా చేసింది. 2007లో 92.7 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు పెట్టి అమెరికా వాళ్ల డబ్ల్యూజీఎస్ అనే మిలటరీ శాటిలైట్ల వరసలో ఆరో శాటిలైట్ ఖర్చు భరించి, బదులుగా మొత్తం వరసలో వాటా తీసుకుంది. ఒక శాటిలైట్ డబ్బుతో ప్రపంచమంతా కవరేజీ. బేరం బాగుంది, అయితే అమెరికాతో ఎన్నటికీ చెడని దేశానికే ఇది కుదురుతుంది. మనకు సరిపడదని నా అభిప్రాయం.

విడిగా ట్రాన్స్‌పాండర్ (శాటిలైట్‌లో సిగ్నల్ అందుకుని తిరిగి పంపే భాగం) లీజుకు తీసుకోవడం మరో పద్ధతి. 2011 ఆర్థిక సంవత్సరంలో అమెరికా సైన్యం వాణిజ్య శాటిలైట్ల మీద లీజుకే 100 కోట్ల డాలర్లు దాటించింది. ఒక్కో విభాగం విడివిడిగా వెళ్లి కొనుక్కున్న బ్యాండ్‌విడ్త్, అందరికీ కలిపి కొన్నదాని కన్నా సగటున 16 శాతం ఎక్కువ ధరకు పడిందని 2015లో వాళ్ల ఆడిట్ సంస్థే తేల్చింది. అద్దెకు తీసుకునేవాళ్లు ఒక్కచోట కూర్చుని, ఎక్కువ ఏళ్లకు బేరమాడాలి. యుద్ధం మొదలయ్యాక పరిగెత్తుకెళ్లి కొంటే అమ్మేవాడు చెప్పిందే ధర.

అసలు డబ్బు పోయేది టెర్మినళ్లకే

విశాఖ ఆర్కే బీచ్‌లో నేవీ డే విన్యాసాలు చూసినవాళ్లకు ఓడల మీద మాస్టు పక్కన తెల్లటి గుమ్మటాలు గుర్తుండే ఉంటాయి. ఆ గుమ్మటం ఉత్త పెంకు. సరంజామా అంతా లోపలుంటుంది. ఓడ ఒక పక్కకు ఒరుగుతుంది, ముక్కు లేస్తుంది, దిగుతుంది, ఈలోగా దిశ కూడా మారుతుంది. లోపలి డిష్ మాత్రం 36 వేల కిలోమీటర్ల అవతల ఒక్క చోటికే చూస్తూ ఉండాలి. గైరో ఓడ ఒరుగుదలను కొలిచి చెబుతుంటే మోటార్లు క్షణం క్షణం దానికి ఎదురు తిప్పుతుంటాయి. ఇంటి డాబా మీది డీటీహెచ్ డిష్ నట్లు బిగించి వదిలేసే వస్తువు. ఇది రాత్రీ పగలూ కదులుతూనే ఉండే యంత్రం. దానికి తోడు ఉప్పు గాలి. గుమ్మటం అంచున రబ్బరు గాస్కెట్ ఎండకు గట్టిపడి పగులుతుంది, లోపలికి తేమ చేరుతుంది. సిగ్నల్ ఎందుకు తగ్గిందా అని కనెక్టర్ విప్పితే రాగి పచ్చబడి ఉంటుంది. మార్చే భాగం చిన్నదే, కానీ ఓడ నడిసముద్రంలో ఉన్నప్పుడు ఆ భాగం స్టోరులో లేకపోతే వందల కోట్ల శాటిలైట్ పైన ఉండి కూడా ఆ ఓడ వరకు లేనట్టే.

టెర్మినళ్లు ఆలస్యమైతే ఏమవుతుందో అమెరికా నేవీని చూస్తే తెలుస్తుంది. మ్యువోస్ అనే వాళ్ల యూహెచ్ఎఫ్ (చిన్న యాంటెన్నాతో పనిచేసే రేడియో తరంగాల తరగతి) వ్యవస్థలో అయిదు శాటిలైట్లు 2012 నుంచి 2016 దాకా పైకి వెళ్లిపోయాయి. వాటి కొత్త పద్ధతిని వాడుకునే రేడియోలు మాత్రం సైనికుల చేతికి సమయానికి రాలేదు. వందల కోట్ల డాలర్ల సత్తా ఏళ్ల తరబడి సగం నిద్రలో ఉండిపోయింది. శాటిలైట్ ఎగిరిన రోజు టీవీలో చూపిస్తారు, రేడియో సెట్ టెండరు ఆగిన రోజు ఎవరూ చూపించరు.

కాబట్టి ధర పోల్చేటప్పుడు ఇదీ చూడాలి. మీ దగ్గర ఓడలు, విమానాలు కొన్ని వందలే ఉంటే శాటిలైట్ ఖర్చు పెద్దగా, టెర్మినళ్ల ఖర్చు చిన్నగా కనిపిస్తుంది. ఆర్మీ లాగా ప్రతి దళానికీ, ప్రతి వాహనానికీ సెట్ కావాలంటే లెక్క తిరగబడుతుంది. స్టార్‌లింక్ లాంటి వాటి బలం సరిగ్గా ఇక్కడే ఉంది. వాళ్ల డిష్‌లో తిరిగే మోటారు అవసరం లేకుండా ఎలక్ట్రానిక్‌గానే దిశ మార్చుకుంటుంది, లక్షల్లో తయారవుతుంది కాబట్టి చవక. 550 కిలోమీటర్ల ఎత్తులోనే ఉంటాయి కాబట్టి మాట వెంటనే వెళ్తుంది. జియో కక్ష్యలో, అంటే ఆ 36 వేల కిలోమీటర్ల ఎత్తులో భూమితో పాటే తిరుగుతూ ఒక్కచోటే నిలిచినట్టు ఉండేదానికి, ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి అరసెకను పడుతుంది. డ్రోన్ నడిపేవాడికి ఆ అరసెకను చాలా ఎక్కువ. అయితే కింది కక్ష్య శాటిలైట్ ఆయుష్షు అయిదేళ్ల చుట్టూ ఉంటుంది, పైగా ఒక్క దేశానికి కవరేజీ కావాలన్నా భూమి చుట్టూ శాటిలైట్ల దండ మొత్తం ఉండాల్సిందే. జియోలో అయితే మనకు కావలసిన సముద్రం మీద ఒక్కటి నిలబెడితే చాలు. మనం ఒక్కళ్లమే అలాంటి దండ పెట్టుకోవాలంటే ఆ లెక్క జీశాట్‌తో పోల్చేది కాదు.

బిల్లులో కనిపించనివి

చందాలో పెద్ద లోపం, స్విచ్ మన చేతిలో ఉండదు. 2022లో క్రిమియా దగ్గర స్టార్‌లింక్ కవరేజీ లేకుండా ఉండటం, ఆన్ చేయమని ఉక్రెయిన్ అడిగితే కంపెనీ యజమాని కాదనడం అందరికీ తెలిసిన కథే. కంపెనీ మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. యుద్ధం మధ్యలో ఒక ప్రైవేటు మనిషి "సరే" అనాలి, లేకపోతే పని ఆగుతుంది, ఇదీ సంగతి. 2025 జూలై 24న స్టార్‌లింక్ లోపలి సాఫ్ట్‌వేర్ తప్పు వల్ల ప్రపంచమంతా రెండున్నర గంటల పాటు ఆగింది. ఉక్రెయిన్ యుద్ధరంగంలోనూ ఆగింది. అక్కడ ఎవరూ కావాలని ఆపలేదు, అయినా ఆగింది.

కంపెనీలు మునుగుతాయి కూడా. ఇరిడియం కోసం 500 కోట్ల డాలర్లకు పైగా పోశారు. దివాలా తీశాక దాన్ని కేవలం 2.5 కోట్ల డాలర్లకు కొన్నారు. 2000లో పెంటగాన్ రెండేళ్లకు 7.2 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చి ఉండకపోతే ఆ శాటిలైట్లను కిందికి దించి కాల్చేసేవాళ్లు. స్టార్‌లింక్ లాంటిదే అయిన వన్‌వెబ్ 2020 మార్చిలో దివాలాకు వెళ్తే బ్రిటన్ ప్రభుత్వం, మన ఎయిర్‌టెల్ వాళ్ల భారతీ గ్రూపు కలిసి కొన్నాయి. తర్వాత 2022లో రష్యా ఆ కంపెనీ శాటిలైట్లు 36 కజకిస్తాన్‌లోని బైకనూరు ప్రయోగ కేంద్రంలో పట్టేసుకుంది. ఆ గొడవ వల్లే ఎల్‌వీఎం3కి గిరాకీ వచ్చి, 2022 అక్టోబర్‌లోనూ 2023 మార్చిలోనూ మొత్తం 72 శాటిలైట్లు శ్రీహరికోట నుంచి వెళ్లాయి. మనకు లాభమే జరిగింది, కానీ చందాదారు వైపు నుంచి చూస్తే టెన్షనే.

అద్దె శాటిలైట్లో ఇంకో రంధ్రం. 2022 ఫిబ్రవరి 24న, రష్యా దాడి మొదలవడానికి సుమారు గంట ముందు, ఉక్రెయిన్ సైన్యం కూడా వాడే వయాశాట్ కంపెనీ కాశాట్ శాటిలైట్ నెట్‌వర్క్‌లో వేలకొద్దీ మోడెములు హ్యాకింగ్‌తో చచ్చుబడ్డాయి. జర్మనీలో 5,800 గాలిమరలకు రిమోట్ కనెక్షన్ పోయింది. శాటిలైట్‌కి గీత కూడా పడలేదు. మామూలు జనం, కంపెనీలు, సైన్యం ఒకే మోడెము వాడితే తలుపు కూడా ఒకటే అవుతుంది.

ఇక వాన. మన జిల్లాలో దీని గురించి చెప్పక్కర్లేదు. గట్టి వాన పడితే టీవీలో "నో సిగ్నల్" వస్తుంది కదా, అది కేయూ బ్యాండ్ అనే ఫ్రీక్వెన్సీ తరగతి గుణం. ఎయిర్‌ఫోర్స్ జీశాట్-7ఏ కూడా కేయూ బ్యాండ్‌దే. కేఏ బ్యాండ్‌లో ఈ బాధ ఇంకా ఎక్కువ. యూహెచ్ఎఫ్‌కి వాన లెక్కలేదు, చిన్న యాంటెన్నా చాలు, కానీ వేగం తక్కువ. రుక్మిణిలో యూహెచ్ఎఫ్, ఎస్, సీ, కేయూ అన్నీ పెట్టడానికి కారణం ఇదే. బంగాళాఖాతంలో అక్టోబర్‌లో తిరిగే ఓడకు కేయూ ఒక్కటే ఇచ్చి "వేగం చూడు" అంటే ఆ వేగం తుపాను రాని రోజులకే. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటాక ఉద్దానంలో కరెంటు స్తంభాలతో పాటు సెల్ టవర్లూ పోయాయి, ఊళ్లకు ఊళ్లు మాట అందక ఉండిపోయాయి. చవక వ్యవస్థా ఖరీదు వ్యవస్థా అన్నది అలాంటి రోజున ఏది మోగుతుందో చూసి చెప్పాలి.

శాటిలైట్ అక్కర్లేని చోట

స్థిరంగా ఉండే కంటోన్మెంట్లకూ స్థావరాలకూ ఫైబరే మేలు. అయితే ఫైబర్ చవక అనుకోకండి. సైన్యం కోసం బీఎస్ఎన్ఎల్ వేస్తున్న ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌కి 2018లో కేబినెట్ అనుమతించిన మొత్తం 24,664 కోట్లు. జీశాట్-7బీ లాంటివి ఎనిమిది వచ్చే డబ్బు. కానీ దాని మీద వెళ్లే డేటా ముందు శాటిలైట్ ఎందుకూ సరిపోదు, పైగా దశాబ్దాలు ఉంటుంది.

నీటి కింద ఉన్న సబ్‌మెరైన్‌కి ఈ శాటిలైట్ల రేడియో అందదు. దానికి వీఎల్ఎఫ్, అంటే బాగా తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో స్టేషన్, కావాలి. తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర ఒకటుంది. తెలంగాణలో వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో రెండోదానికి 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన జరిగింది, ఖర్చు 3,200 కోట్లు, స్థలం 2,900 ఎకరాలు. ఇందులో పోలిక లేదు. ఆ పనికి వేరే దారి లేదు కాబట్టి ధర ఎంతైనా అదే ధర.

నన్నడిగితే

ఆజ్ఞలు వెళ్లే దారి, అంటే "కాల్చు", "ఆగు", "వెనక్కి రా" అనే మాటలు వెళ్లే దారి, సొంత జియో శాటిలైట్ మీదే ఉండాలి. ఆ మాటలకు బ్యాండ్‌విడ్త్ చాలా తక్కువ సరిపోతుంది. కాబట్టి సొంతదాన్ని పెద్దదిగా కట్టడం కన్నా జామింగ్‌కు లొంగకుండా కట్టడం మీద డబ్బు పెట్టాలి, దానికి జోడీ ఒకటి సిద్ధంగా ఉంచాలి. నేవీకి ఇది మరీ ముఖ్యం. సముద్రం మీద ఓడకు ఫైబర్ లేదు, టవర్ లేదు. రుక్మిణి రాకముందు మన ఓడలు ఇన్మార్‌శాట్ లాంటి విదేశీ సర్వీసు మీద ఆధారపడేవి. ఆ రోజులు మళ్లీ కావాలని నేవీలో చేసినవాడెవడూ కోరుకోడు.

డ్రోన్ వీడియో వేరే లెక్క. 2024 అక్టోబర్‌లో సుమారు 32,000 కోట్లకు ఒప్పందం కుదిరిన 31 అమెరికా ఎంక్యూ-9బీ డ్రోన్లు దూరంగా ఎగరాలంటే శాటిలైట్ లింకు తప్పదు, అవి బ్యాండ్‌విడ్త్‌ని తాగేస్తాయి. శాంతికాలంలో ఆ వీడియో మొత్తానికి సరిపడా సొంత శాటిలైట్ కట్టుకుంటే సగం రోజులు ఖాళీగా ఉంటుంది. ఇక్కడ లీజు మంచిది, కాకపోతే స్వదేశీ శాటిలైట్ మీద, అయిదేళ్లకు పైబడిన ఒప్పందంతో. జవాన్లు ఇంటికి వీడియో కాల్ చేసుకోవడం, స్టోర్ల లెక్కలు, ఆస్పత్రి రికార్డులు, ఇలాంటివన్నీ చందా మీద పెట్టినా కొంప మునగదు. సియాచిన్‌లో ఉన్న కుర్రాడు పలాసలో వాళ్లమ్మతో మాట్లాడటానికి రహస్య శాటిలైట్ అక్కర్లేదు కదా. కింది కక్ష్యవి రెండో దారిగా, మొదటిది జామ్ అయినప్పుడు వాడటానికి, కొని ఉంచుకోవాలి. ఒక్క కంపెనీ దగ్గరే కాదు, ఇద్దరి దగ్గరైనా. స్టార్‌లింక్‌కి మన దేశంలో లైసెన్సు 2025 జూన్‌లో వచ్చింది. వన్‌వెబ్‌కి, రిలయన్స్ జియో మరొకరితో కలిసి నడిపే కంపెనీకి అంతకు ముందే వచ్చింది.

ఇంటర్వ్యూలో అడిగితే "సొంతదే మంచిది సార్" అనో "ప్రైవేటే చవక సార్" అనో అనకండి. ముందు ఏ మాట, ఎవరికి, ఏ వాతావరణంలో వెళ్లాలో అడిగి, తర్వాత ధర చెప్పండి.

తీరంలో ఉన్నవాళ్లకు ఇదే లెక్క, చిన్న సైజులో

సైన్యంలోకి వెళ్లనివాళ్లకూ ఇందులో పని ఉంది. ఇస్రో సాయంతో మత్స్యశాఖ 13 తీర రాష్ట్రాల్లో, కేంద్రపాలిత ప్రాంతాల్లో లక్ష బోట్లకు ట్రాన్స్‌పాండర్లు (ఇక్కడ శాటిలైట్ ద్వారా సందేశాలు పంపే చిన్న పరికరాలు) ఉచితంగా పెడుతోంది. 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రధాని ప్రారంభించిన ఆ పథకం ఖర్చు 364 కోట్లు. బోటుకు 36,400 రూపాయలు పడినట్టు. మన ఆర్థిక మండలం అంతటా, అంటే 200 నాటికల్ మైళ్ల దాకా, చిన్న సందేశాలు ఇటూ అటూ వెళ్తాయి. తుపాను హెచ్చరిక వస్తుంది, సరిహద్దు దగ్గరికి వెళ్తుంటే మోగుతుంది. 2018 నవంబర్‌లో గుజరాత్ తీరంలో పాకిస్తాన్ పట్టుకుపోయిన మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు 2020 జనవరిలో గానీ తిరిగి రాలేదు. ఆ మోత విలువ వాళ్లింటి ఆడవాళ్లనడిగితే చెబుతారు.

వీహెచ్ఎఫ్ రేడియో సెట్ చవక, మాట నేరుగా వినిపిస్తుంది, కానీ బోటుకీ బోటుకీ మధ్య పది పదిహేను కిలోమీటర్లు దాటితే అందదు. సెల్‌ఫోన్ తీరం దాటి కాస్త దూరం వెళ్లేసరికి పోతుంది. కాబట్టి దగ్గరి వేటకు వీహెచ్ఎఫ్, లోతు వేటకు వెళ్తే దానికి తోడు ట్రాన్స్‌పాండర్. గుజరాత్‌లో వీరావల్ వైపు పనికి వెళ్లే కుర్రాళ్లు బోటు ఎక్కేముందు ట్రాన్స్‌పాండర్ ఉందా, పనిచేస్తోందా అని సరంగుని అడగాలి, లేదంటే యజమానినే అడగాలి. ఇక శాటిలైట్ ఫోన్ అంటారా, గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లెవరైనా తురాయా సెట్ చవగ్గా ఇస్తామంటే తీసుకోకండి. తురాయా, ఇరిడియం ఫోన్లు అనుమతి లేకుండా మన దేశంలో ఉంచుకోవడమే నేరం. కోస్ట్‌గార్డు తనిఖీలో దొరికితే ఫోన్ పోవడమే కాదు, కేసూ అవుతుంది. బీఎస్ఎన్ఎల్ ద్వారా లైసెన్సుతో ఇచ్చే ఇన్మార్‌శాట్ సెట్ ఒక్కటే దారి, దాని నిమిషాల రేటు చిన్న బోటుకు గిట్టుబాటు కాదు.